ఐదు బ్రిగేడ్లు, ఐదు నిమిషాలు: ఇరాక్‌కు అదనపు సేనల ఓటుపై ఒక కేస్ స్టడీ

ఈ కేసు అమెరికా ప్రతినిధుల సభలో ఒక సభ్యుడి ఆఫీసుది. కాలం 2007 జనవరి నుంచి సెప్టెంబరు దాకా. రాష్ట్రం, నియోజకవర్గం, అక్కడి సైనిక స్థావరం పేరు తీసేశాం. పార్టీ కూడా చెప్పడం లేదు. ఆ ఏడాది ఇరాక్ ఓట్లలో పార్టీ గీత దాటినవాళ్లు తక్కువమంది, రెండు మూడు ఓట్లు పక్కపక్కన పెట్టి చూస్తే పేరు బయటపడిపోతుంది. గుర్తు దొరక్కుండా చిన్న వివరాలు కొన్ని మార్చాం. బహిరంగ రికార్డులో ఉన్న తేదీలు, ఓట్లు, అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

యుద్ధం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇందులో లేదు. జనానికి విసుగు పుట్టిన యుద్ధానికి ఇంకా సేనలు పంపుతామని అధ్యక్షుడు ప్రకటించాక, ఒక మామూలు సభ్యుడి చేతిలో నిజంగా మిగిలేదేమిటి, అది ఏ తేదీ దాకా మిగులుతుంది అన్నదే ఇక్కడి విషయం.

నేపథ్యం

సభ్యుడు 2002 అక్టోబరులో ఇరాక్‌పై బలప్రయోగానికి అనుమతిచ్చే తీర్మానానికి అనుకూలంగా ఓటేశారు. అది సభలో 296-133తో, సెనేట్‌లో 77-23తో నెగ్గింది. నాలుగేళ్లు తిరిగేసరికి నియోజకవర్గంలో గాలి మారింది. 2006 నవంబరు ఎన్నికల్లో ఉభయ సభలూ డెమొక్రాట్ల చేతికి వెళ్లాయి, మర్నాడే రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ నిష్క్రమణ ప్రకటన వచ్చింది. డిసెంబరు 6న, ఇరాక్ విధానాన్ని సమీక్షించిన ఉభయ పార్టీల బేకర్-హామిల్టన్ బృందం 79 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది. పోరాట బ్రిగేడ్లు 2008 మొదటి త్రైమాసికానికల్లా వెనక్కి రావచ్చన్నది అందరూ చదివిన మాట. బాగ్దాద్‌ను చక్కదిద్దడానికి కొద్దికాలం సేనలు పెంచాల్సి వస్తే అభ్యంతరం లేదన్న వాక్యం కూడా అందులోనే ఉంది. దాన్ని చదివినవాళ్లు తక్కువ.

2007 జనవరి 10 రాత్రి బుష్ ప్రసంగం వచ్చింది. ఐదు బ్రిగేడ్లు బాగ్దాద్‌కు, 4,000 మంది మెరీన్లు పశ్చిమాన ఉన్న అన్బార్ రాష్ట్రానికి, మొత్తం దాదాపు 21,500 మంది. ఇరాకీల వైపు నుంచి రాజధానిలోని తొమ్మిది జిల్లాలకు 18 సైనిక, పోలీసు బ్రిగేడ్లు వస్తాయన్నది హామీ. అప్పటికి ఇరాక్‌లో అమెరికా సైనికులు సుమారు 1,32,000 మంది. పెంపు వద్దనేవాళ్లు సర్వేల్లో ఇంచుమించు 60 శాతం.

నియోజకవర్గంలోని పెద్ద స్థావరం నుంచి వెళ్లాల్సిన వాళ్ల పేర్లు కూడా ఈ లెక్కలో ఉన్నాయి. కేసు చిక్కుబడింది ఇక్కడే.

వచ్చిన సమస్య

ప్రసంగం ముగిసిన వారంలోనే ఫోన్లు మూడు రకాలుగా విడిపోయాయి. కొందరు 'ఈ యుద్ధం ఆపండి' అన్నారు. కొందరు 'మీరు ఇక్కడ వాదులాడుకుంటే అక్కడ మా పిల్లల మీద శత్రువుకు లోకువ' అన్నారు. మూడో రకం ఫోన్లలో రాజకీయమే లేదు: మా ఆయన ఏ నెలలో వెళ్తాడు, నిజంగా పన్నెండు నెలలకే వస్తాడా, మొన్న తిరిగొచ్చి ఏడాదైనా కాలేదు కదా?

పార్టీ నాయకత్వం నుంచి వచ్చిన ప్రశ్న వేరు: పెంపుకు అసమ్మతి తెలుపుతూ సభ ముందుకు రాబోతున్న తీర్మానానికి అవునా, కాదా?

ఆఫీసు చేసిన మొదటి తప్పు ఈ రెండింటినీ ఒకే ప్రశ్న అనుకోవడం. అవును-కాదులో జవాబు తేలిపోతే ఫోన్లకు కూడా అదే జవాబు చెప్పొచ్చనుకున్నారు.

మొదటి ప్రయత్నం: ప్రకటన

జనవరి మూడో వారంలో రెండు పేరాల ప్రకటన వెళ్లింది. సారాంశం: సేనలకు మద్దతు, పెంపుకు వ్యతిరేకం. పాము చావకుండా కర్ర విరగకుండా రాసిన వాక్యం. రెండు వైపుల నుంచీ దెబ్బలు తిన్నది. వ్యతిరేకమైతే డబ్బు ఎందుకిస్తున్నారని ఒక పక్షం, పంపడం తప్పంటూనే మా అబ్బాయికి మద్దతంటే అర్థమేమిటని ఇంకో పక్షం అడిగాయి.

ప్రకటనలో వాడిన పదాలను తప్పుపట్టి లాభం లేదు. లోపమంతా అది కాలాన్ని పట్టించుకోకపోవడంలో ఉంది. ఐదు బ్రిగేడ్లు ఒకేసారి విమానం ఎక్కవు. ప్రణాళిక ప్రకారం నెలకు ఒకటి చొప్పున, జనవరి నుంచి జూన్ మధ్య దాకా వెళ్తాయి. 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్ రెండో బ్రిగేడ్ అందరికంటే ముందే వెళ్లింది. ఫిబ్రవరిలో సభ ఓటేసే నాటికి అది బాగ్దాద్‌లోనే ఉంది. అంటే 'పెంపు' అన్న ఒక్క మాటలో మూడు గుంపులు ఉన్నాయి: చేరినవాళ్లు, దారిలో ఉన్నవాళ్లు, ఉత్తర్వులు అంది ఇంకా కదలనివాళ్లు. మొదటి గుంపు మీద శాసనసభకు (అమెరికా కాంగ్రెస్‌కు) ఆచరణలో అదుపు దాదాపు లేదు. మూడో గుంపు మీద ఉంది, అదీ కొన్ని వారాలు మాత్రమే.

ఆఫీసులోని రక్షణ సలహాదారు అప్పుడు గోడమీద ఒక కాగితం అంటించారు. అడ్డంగా నెలలు, నిలువుగా బ్రిగేడ్లు, ప్రతి గడిలో బయలుదేరే తేదీ అంచనా. కింద ఇంకో వరుసలో శాసనసభ తేదీలు: తీర్మానం ఎప్పుడు, అనుబంధ నిధుల బిల్లు ఎప్పుడు, వీటో పడితే మళ్లీ ఎప్పుడు. ఆ కాగితం పది నిమిషాల్లో తేల్చింది, అప్పటిదాకా మూడు సమావేశాల్లో తేలని విషయాన్ని. కట్టుబడక తప్పని చట్టం ఏదైనా ఏప్రిల్, మే లోపు రాదు. అప్పటికి ఐదింటిలో నాలుగు బ్రిగేడ్లు వెళ్లిపోయి ఉంటాయి.

అంకె ఏది?

చర్చంతా 21,500 చుట్టూ తిరుగుతోంది. ఫిబ్రవరి 1న కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం సభ బడ్జెట్ కమిటీ అధ్యక్షుడికి ఒక లేఖ రాసింది. దానితో లెక్క మారింది. ఆ యుద్ధంలో అప్పటిదాకా సగటున ఒక పోరాట బ్రిగేడ్‌కు మొత్తం 9,500 మంది పడుతున్నారు. అందులో 4,000 మంది పోరాట సైనికులు, 5,500 మంది సరఫరా, మరమ్మతు, వైద్యం, సమాచార వ్యవస్థల వాళ్లు. ఆ లెక్కన 20,000 మంది పోరాట సైనికుల వెనక మరో 28,000 మంది, అంటే మొత్తం 48,000. ఇప్పటికే ఉన్న సరఫరా వ్యవస్థతో కొంత సర్దుకుంటారనుకుని బ్రిగేడ్‌కు 3,000 మందే చాలనుకున్నా మొత్తం 35,000. ఖర్చు నాలుగు నెలలకు 900 కోట్ల నుంచి 1,300 కోట్ల డాలర్లు, పన్నెండు నెలలకు 2,000 కోట్ల నుంచి 2,700 కోట్లు. ప్రభుత్వం చెప్పిన అంకె 560 కోట్లు.

పెంపును వ్యతిరేకించే చాలా ఆఫీసులు దీన్ని 'అబద్ధం బయటపడింది' అని వాడుకున్నాయి. ఈ ఆఫీసులోనూ ఆ ఉత్సాహం కనిపించింది. సలహాదారు ఒప్పుకోలేదు. కారణం సరళం: లేఖ చెప్పింది గత సగటు. ఉన్న స్థావరాల మీదే కొత్త బ్రిగేడ్లను నడపగలమని సైన్యం రుజువు చేస్తే ఆ అంకె తగ్గుతుంది. అప్పుడు మన నోటి మాట మన మెడకే చుట్టుకుంటుంది. దాని బదులు అంకెను ప్రశ్నగా మార్చారు. బ్రిగేడ్‌కు ఎంతమంది సహాయక సిబ్బంది, వాళ్లు ఏ స్థావరాల నుంచి, ఏ నెలలో? పెంటగాన్ శాసనసభ వ్యవహారాల విభాగానికి ఇవే మూడు ప్రశ్నలతో లేఖ వెళ్లింది. మార్చిలో ప్రభుత్వమే ఇంకా కొన్ని వేలమంది సహాయక సిబ్బంది కావాలని చెప్పింది. 48,000 కాదు, 'అక్కర్లేదు' కూడా కాదు. ప్రశ్న అడిగినవాళ్లకు ఇబ్బంది లేకుండా పోయింది.

దీనికి పాత సాక్ష్యం కూడా ఉంది. 1968 మార్చి 31న అధ్యక్షుడు జాన్సన్ వియత్నాం ప్రసంగంలో, శత్రువు చేసిన టెట్ దాడి తర్వాత అత్యవసరంగా పంపిన సుమారు 11,000 మంది వెనక మరో 13,500 మంది సహాయక సిబ్బందిని పంపాల్సి ఉంటుందని చెప్పారు. పోరాట సైనికుల అంకె ముందు వస్తుంది, మిగతాది వెనక నిదానంగా వస్తుంది. ఇందులో కుట్ర వెతకాల్సిన పని లేదు, సైన్యం నడిచే తీరే అంత.

రెండో ప్రయత్నం: సంఖ్యకు పరిమితి

ప్రకటన బెడిసికొట్టాక సభ్యుడికి 'ఏదో ఒకటి గట్టిగా' చేయాలనిపించింది. జనవరి 10 నాటి సంఖ్య దాటి సేనలు పెంచడానికి నిధులు వాడరాదు అన్న సవరణ ముసాయిదా తయారైంది. ఒకటిన్నర వాక్యం. చూడ్డానికి ఇంతకంటే స్పష్టమైనది లేదు. పనికిరానిది కూడా ఇంతకంటే లేదు.

ఎందుకంటే, ఒక దళం స్థానంలో ఇంకోటి వచ్చినప్పుడు పాతవాళ్లు, కొత్తవాళ్లు కొన్నాళ్లు కలిసే ఉంటారు. వీధులు, మనుషులు, బాంబులు పెట్టే చోట్లు చూపించి అప్పగిస్తారు. ఆ రోజుల్లో దేశంలోని మొత్తం సంఖ్య పైకి లేస్తుంది. ఏ రోజున లెక్కపెట్టినా దాటకూడదంటే అప్పగింత పూర్తికాకముందే పాతవాళ్లను పంపించేయాలి. సైనికుడి ప్రాణం కాపాడతామని రాసిన వాక్యం అతనికి అత్యంత ప్రమాదకరమైన వారాల్లోనే తోడు లేకుండా చేస్తుంది. దీన్ని సరిచేయాలంటే తలలు కాక బ్రిగేడ్లు లెక్కించాలి, లేదా అప్పగింత రోజులకు మినహాయింపు రాయాలి.

ఇంకో రెండు కన్నాలున్నాయి. 'ఇరాక్‌లో' అని రాస్తే కువైట్‌లో ఉంచిన సహాయక దళం లెక్కలోకి రాదు. 'సాయుధ బలగాల సభ్యులు' అని రాస్తే కాంట్రాక్టర్లు రారు. అప్పటికే ఇరాక్‌లో వాళ్లు లక్ష పైనే ఉన్నారు. యూనిఫాం సంఖ్యకు మూత పెడితే వంట, ట్రక్కులు, కాపలా ఇంకా ఎక్కువగా కాంట్రాక్టర్ల చేతికి పోతాయి.

నిధులకు కూడా గీత గీయడం అనుకున్నంత తేలిక కాదు. సైన్యం నిర్వహణ ఖాతాలో డబ్బు ఏ బ్రిగేడ్‌దో విడిగా కట్టి ఉండదు. ఒక పద్దు ఆపితే చట్టం అనుమతించిన మేరకు ఇంకో పద్దు నుంచి మళ్లిస్తారు. పద్దు పూర్తిగా అయిపోయినా, సైనికుల తిండి, బట్టలు, ఇంధనం, వైద్యం వంటి వాటికి నిధులు లేకుండానే ఒప్పందాలు చేసుకునే వీలు 1861 నాటి పాత చట్టం ఒకటి ఇస్తుంది. పోరాడే సైనికుడి తూటాలు ఆపారన్న ఆరోపణ మాత్రం వెంటనే వచ్చి పడుతుంది.

సవరణ చచ్చింది మాత్రం ఈ కారణాలతో కాదు. తీర్మానంపై సవరణలకు అనుమతి లేదని సభ నియమం తేల్చింది. వారం రోజుల పని వృథా. చిన్న ఆఫీసుల్లో తరచూ జరిగేదే: ముసాయిదా మొదలుపెట్టే ముందు, సవరణలకు అనుమతి ఉంటుందో లేదో తేల్చే రూల్స్ కమిటీకి ఒక్క ఫోన్ చేయరు.

పాత ఉదాహరణలు ఏం చెప్పాయి

నిధుల కోతతో శాసనసభ యుద్ధాలు ఆపిందన్న మాట ఆ నెలల్లో ఎక్కువగా వినిపించింది. ఆఫీసు మూడు ఉదాహరణలు తీసి తేదీలు సరిచూసింది. 1970లో కంబోడియాలోకి వెళ్లిన అమెరికా పదాతి దళాలు జూన్ నెలాఖరుకు బయటికి వచ్చేశాయి. అక్కడికి మళ్లీ పంపడానికి డబ్బు లేదన్న కూపర్-చర్చ్ నిషేధం చట్టమైంది ఆ తర్వాతే. 1973లో ఆగస్టు 15తో ఇండోచైనాలో పోరాటానికి నిధులు ఆగిపోయాయి, వియత్నాం నుంచి చివరి పోరాట దళాలు వచ్చేసిన నెలల తరవాత. సోమాలియా నిధులకు పెట్టిన గడువు 1994 మార్చి 31, క్లింటన్ తనంతట తానే ప్రకటించిన తేదీ.

మూడింటిలోనూ తలుపు మూసింది సైన్యం గడప దాటాకో, దాటుతుందని ఖాయమయ్యాకో. లోపలికి వెళ్తున్న సైన్యాన్ని వాకిట్లో ఆపిన ఉదాహరణ ఈ మూడింటిలో లేదు. 1968లో వియత్నాంలోని కమాండర్ వెస్ట్‌మోర్లాండ్, జాయింట్ చీఫ్స్ (సేనాధిపతుల మండలి) అడిగిన 2,06,000 మందిని ఆపింది ప్రధానంగా ప్రభుత్వం లోపల రక్షణ మంత్రి క్లార్క్ క్లిఫర్డ్ నడిపిన సమీక్ష. ఇది సభ్యుడికి రుచించలేదు. కానీ ఆయన అప్పటినుంచి 'మేం ఆపుతాం' అనడం మానేశారు. అది కేసులో మలుపు.

ఏ పనిముట్టుకు ఎన్ని ఓట్లు

ఉభయ సభల తీర్మానం అధ్యక్షుడి సంతకానికి వెళ్లదు, కనుక వీటో లేదు, చట్టబలం కూడా లేదు. 1973 యుద్ధాధికారాల చట్టం ఇలాంటి తీర్మానంతోనే సేనలను వెనక్కి రప్పించవచ్చంటుంది. అధ్యక్షుడి ముందుకు వెళ్లని తీర్మానానికి చట్టబలం ఉండదన్న 1983 నాటి సుప్రీంకోర్టు చద్దా తీర్పు తర్వాత దానిమీద ఎవరూ బరువు వేయరు. పైగా 2002 అనుమతి అప్పటికి ఇంకా బతికే ఉంది. కట్టుబడక తప్పనిది కావాలంటే చట్టం చేయాలి. వీటో ఖాయం కాబట్టి మూడింట రెండు వంతులు కావాలి, అందరూ హాజరైతే సభలో 290, సెనేట్‌లో 67.

తర్వాత జరిగిన ఓట్లు ఈ తేడాను బాగా చూపిస్తాయి. ఫిబ్రవరి 16న తీర్మానం 246-182తో నెగ్గింది. రిపబ్లికన్లు 17 మంది అనుకూలంగా, డెమొక్రాట్లు ఇద్దరు వ్యతిరేకంగా. మర్నాడు సెనేట్‌లో దాన్ని చర్చకు తెచ్చే ఓటు 56-34, కావాల్సింది 60. ఉపసంహరణ గడువు పెట్టిన నిధుల బిల్లు మార్చి 23న సభలో 218-212. మే 1న వీటో. మర్నాడు దాన్ని తోసిపుచ్చే ఓటు 222-203, అది చాలదు. మాట చెప్పమన్నప్పుడు 246 మంది. మాటకు పర్యవసానం తగిలించగానే 28 మంది తగ్గారు.

(మార్చి ఓటులో మన సభ్యుడు ఎటు వేశారో ఇక్కడ రాయడం లేదు. పార్టీ తెలిసిపోతుంది.)

ఆ జనవరిలోనే సెనేట్ జనరల్ పెట్రయస్‌ను ఇరాక్‌లో కొత్త కమాండర్‌గా 81-0తో ఖరారు చేసింది. మనిషికి అందరి ఓటు, ఆయన నడపబోయే ప్రణాళికకు అసమ్మతి. టౌన్ హాల్లో ఒక రిటైర్డ్ సైనికుడు దీన్నే అడిగితే ఆఫీసు దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ముందే ఊహించాల్సిన ప్రశ్న.

ఐదు నిమిషాల ప్రసంగం

ఫిబ్రవరి 13 నుంచి 16 దాకా ప్రతి సభ్యుడికీ ఐదు నిమిషాలు ఇచ్చారు. తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా ఐదు నిమిషాలంటే తీరిగ్గా చదివితే రెండు పేజీలు. మొదటి ముసాయిదాలో అన్నిటికన్నా బలంగా వినిపించిన వాక్యం: ఈ పెంపు బాగ్దాద్‌లో హింసను తగ్గించదు.

సలహాదారు దాన్ని కొట్టేశారు. ఈ కేసులో అత్యంత విలువైన నిర్ణయం ఇదే, అత్యంత గొడవ జరిగింది కూడా దీనిమీదే.

ఆయన వాదన ఇది. 2006 వేసవిలో, శరదృతువులో బాగ్దాద్‌లో రెండు పెద్ద ఆపరేషన్లు జరిగాయి. రెండూ విఫలమయ్యాయి. ఒక పేటను జల్లెడ పట్టి సైన్యం వెళ్లిపోయేది, సాయుధ ముఠాలు తిరిగొచ్చేవి. పట్టు నిలిపేందుకు మనుషులు చాల్లేదు. కొత్త ప్రణాళికలో సైనికులు పెద్ద స్థావరాలు వదిలి పేటల్లోనే చిన్న ఠాణాల్లో ఉంటారు. 2006 డిసెంబరులో వచ్చిన తిరుగుబాటు నిరోధక మాన్యువల్ ప్రకారం వెయ్యి మంది జనానికి 20 నుంచి 25 మంది భద్రతా సిబ్బంది కావాలి. సుమారు 60 లక్షల బాగ్దాద్‌కు 1,20,000 మంది. ఐదు బ్రిగేడ్లతో అది రాదు, ఇరాకీ దళాలు నిజంగా వస్తే తప్ప. వస్తే? హింస తగ్గవచ్చు. తగ్గినా, చమురు ఆదాయం పంపకం, సద్దాం నాటి బాత్ పార్టీ వాళ్ల పునఃప్రవేశం, ప్రాంతీయ ఎన్నికల వంటి చట్టాలపై బాగ్దాద్ రాజకీయ నాయకులు ఒప్పందానికి వస్తారన్నది వేరే పందెం. సైన్యం ఇంత వేగాన్ని ఎంతకాలం మోస్తుందన్నది మూడోది.

కాబట్టి అభ్యంతరాన్ని మొదటి చోట కాక రెండో, మూడో చోట నిలబెట్టాలి. సభ్యుడి అభ్యంతరం న్యాయమైనదే: 'హింస తగ్గదు' అంటే జనానికి అర్థమవుతుంది, 'తగ్గినా రాజకీయం కదలకపోవచ్చు' అంటే గోడమీద పిల్లి అంటారు. చివరికి వాక్యం ఇలా మారింది: సైనికులు అప్పగించిన పని చేయగలరు, వాళ్లు కొనిచ్చే సమయాన్ని బాగ్దాద్ ప్రభుత్వం వాడుకుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేకపోతున్నారు. స్థావరంలో సైనికుల కుటుంబాలు ఈ వాక్యాన్ని తప్పుపట్టలేదు. యుద్ధ వ్యతిరేకులకు మాత్రం ఇది చల్లగా అనిపించింది.

ప్రసంగంతోపాటు ఒక పేజీ కాగితం తయారుచేసి తేదీ వేసి ఫైల్లో పెట్టారు. అందులో రెండు వరుసలు: సెప్టెంబరుకల్లా ఏం జరిగితే మనం పొరబడ్డామని ఒప్పుకుంటాం, ఏం జరగకపోతే మాట మీద నిలబడతాం. మొదటి వరుసలో ఇరాకీ బ్రిగేడ్లు పూర్తి బలంతో రావడం, కనీసం రెండు కీలక చట్టాలు పార్లమెంటు దాటడం. సభ్యుడి సంతకం పెట్టించారు. ఇది పత్రికలకు ఇవ్వడానికి కాదు. ఏడు నెలల తర్వాత జ్ఞాపకం తనకు అనుకూలంగా మారిపోకుండా ఉండడానికి.

పని చేసినవి

క్రియాపదం. మే 25న సంతకమైన నిధుల చట్టంలో గడువులు లేవు, ఇరాక్ ప్రభుత్వం అందుకోవాల్సిన 18 బెంచ్‌మార్క్‌లు (లక్ష్యాలు) ఉన్నాయి. ఆ బిల్లు భాష చర్చకు వచ్చినప్పుడు ఆఫీసు శ్రద్ధంతా ఒక్క మాట మీద పెట్టింది. అధ్యక్షుడు 'సంతృప్తికరమైన పురోగతి ఉందా' అని చెప్పాలి. శాసనసభ కింద పనిచేసే ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 'సాధించారా లేదా' అని చెప్పాలి. ఒకే జాబితా, రెండు కొలతలు. జులై నివేదికలో వైట్‌హౌస్ ఎనిమిదింటిలో పురోగతి సంతృప్తికరం అంది. సెప్టెంబరు మొదట్లో జవాబుదారీ కార్యాలయం మూడు పూర్తిగా, నాలుగు పాక్షికంగా సాధించారు, పదకొండు సాధించలేదు అంది. రెండు నివేదికలూ అబద్ధమాడలేదు. చట్టం అడిగిన ప్రశ్నలకు జవాబిచ్చాయి. ఈ తేడా ముందే తెలిసిన ఆఫీసుకు రెండు నివేదికలు వచ్చిన రోజున ఏం మాట్లాడాలో తెలుసు. తెలియనివాళ్లు ఒకదాన్ని ఎత్తుకుని ఇంకోదాన్ని తిట్టారు.

సభ్యుడు మే 24న ఆ నిధులకు అనుకూలంగా ఓటేశారు (280-142). ఫిబ్రవరిలో చప్పట్లు కొట్టినవాళ్లలో కొందరు ఆ రోజు ఆఫీసు ముందు బైఠాయించారు. దీనికి ఉపాయం ఏమీ దొరకలేదు. గోడమీది కాగితం చూపించి, చివరి బ్రిగేడ్ కూడా ఆ నెలలోనే వెళ్లిందని చెప్పడం తప్ప.

విశ్రాంతి లెక్క. మూడో రకం ఫోన్లకు జవాబు ఇక్కడ దొరికింది. ఇరాక్‌లో 15 బ్రిగేడ్లు 20 అవుతున్నాయి. పన్నెండు నెలలు అక్కడ, పన్నెండు నెలలు ఇంట్లో అంటే 20కి 40 కావాలి. సైన్యం దగ్గర అప్పుడున్న క్రియాశీల బ్రిగేడ్లు ఇంచుమించు అంతే, అందులోంచే అఫ్గానిస్తాన్, కొరియాలకు కూడా పోవాలి. కాబట్టి మూడింటిలో ఒకటి తప్పదు: అక్కడ ఉండే కాలం పెంచడం, ఇంట్లో ఉండే కాలం తగ్గించడం, పార్ట్‌టైమ్ సైనికులుండే నేషనల్ గార్డును మళ్లీ పిలవడం. మార్చిలో కుటుంబాల సమావేశంలో ఈ మూడూ బోర్డు మీద రాసి చూపించారు. ఏప్రిల్ 11న కొత్త రక్షణ మంత్రి గేట్స్ మోహరింపు గడువును 15 నెలలకు పెంచినప్పుడు కోపం వచ్చింది గానీ ఎవరూ హతాశులు కాలేదు.

ఆ సమావేశాల ఏర్పాటు గురించి ఒక మాట. మొదటి టౌన్ హాల్లో కుటుంబాలు, నిరసనకారులు, కెమెరాలు ఒకే గదిలో ఉండటంతో నలభై నిమిషాల్లోనే అరుపులయ్యాయి. తర్వాతి వాటిలో ముందు గంట కుటుంబాలకు మాత్రమే, కెమెరాలు లేకుండా, ప్రశ్నలు కాగితం మీద. వాటిలో విధానం గురించి ఉన్నవి కొద్దిగానే. జీతం, వైద్యం, తిరుగు తేదీ, ఇంటి అద్దె ఒప్పందం. వాటిని అక్కడికక్కడే కేస్‌వర్కర్ (జనం సొంత సమస్యలు చూసే ఆఫీసు ఉద్యోగి) తీసుకుంటే రెండో గంటలో గొంతులు తగ్గాయి.

సెనేట్‌లో జిమ్ వెబ్ తెచ్చిన సవరణ, మోహరింపు ఎంతకాలమో ఇంటి దగ్గర కనీసం అంతకాలం ఉండాలన్నది, జులైలో 56-41, సెప్టెంబరు 19న 56-44. రెండుసార్లూ 60 అందలేదు. పెంపును నేరుగా ముట్టకుండానే దాన్ని పరిమితం చేయగలిగిన వాక్యం అదే, అందుకే ప్రభుత్వం దాన్ని అంత గట్టిగా అడ్డుకుంది. మార్చి నాటి సభ బిల్లులో ఇలాంటి షరతే పెట్టి, దళం దళానికీ మినహాయింపు ఇచ్చే అధికారం అధ్యక్షుడికే ఇచ్చారు. మినహాయింపు అంత తేలికైతే షరతు అలంకారమే.

సెప్టెంబరు

మే నెలలో ఒక్క నెలలోనే 126 మంది అమెరికా సైనికులు చనిపోయారు. ఆ వేసవిలో ఫిబ్రవరి ప్రసంగం ఇంకా ఘాటుగా ఉండాల్సిందన్నారు చాలామంది. శరదృతువు వచ్చేసరికి అంకెలు దిగడం మొదలైంది, డిసెంబరులో 23. 'హింస తగ్గదు' అని రికార్డులో చెప్పిన సభ్యులు ఆ నెలల్లో అంకెలతోనే పోట్లాడాల్సి వచ్చింది: ఎవరిని లెక్కపెట్టారు, ఎవరిని వదిలేశారు అంటూ.

ఎందుకు తగ్గిందన్నది ఈ కేసు తేల్చేది కాదు. అన్బార్ తెగలు అల్‌ఖైదాపై తిరగబడటం 2006 సెప్టెంబరులోనే, పెంపు ప్రకటనకు ముందే మొదలైంది. షియా నాయకుడు ముక్తదా సదర్ తన మిలీషియాను 2007 ఆగస్టులో ఆపాడు. బాగ్దాద్‌లో కలిసి ఉన్న పేటలు చాలావరకు అప్పటికే షియా, సున్నీలుగా విడిపోయాయి. వీటితోపాటు కొత్త సేనలు, కొత్త పద్ధతి. ఎవరి వాటా ఎంతో విడదీయమంటే నిజాయితీగల విశ్లేషకులు ఈరోజుకీ వాదించుకుంటారు.

సెప్టెంబరు 10న పెట్రయస్, రాయబారి క్రాకర్ సభ ముందుకు వచ్చారు. ముందురోజు ఆఫీసులో ఫిబ్రవరి కాగితం బయటికి తీశారు. ఇరాకీ బ్రిగేడ్లు వచ్చాయి, చాలావాటిలో బలం తక్కువ. కీలక చట్టాలు కదల్లేదు. సభ్యుడు తన మాట మార్చుకోనక్కర్లేదు, హింస తగ్గిందన్నది కాదననూ అక్కర్లేదు. ఆ రోజు ఇచ్చిన ప్రకటన నాలుగు వాక్యాలు. ఫిబ్రవరిది రెండు పేరాలు.

పెట్రయస్ సిఫార్సు: డిసెంబరు మధ్యలో ఒక బ్రిగేడ్ వెనక్కి, 2008 జులైకల్లా పెంపు ముందటి స్థాయికి. టీవీల్లో దీన్ని ఒక పక్షం విజయానికి గుర్తుగా, ఇంకో పక్షం శాసనసభ ఒత్తిడికి లొంగుబాటుగా చూపింది. సలహాదారు గోడమీది కాగితం దగ్గరికి వెళ్లి 15 నెలల గీతలు ఒక్కొక్కటిగా చివరిదాకా గీశారు. కొత్త దళాలను ముందే పిలిస్తే తప్ప, ఆ గీతలు ఆగే చోటు 2008 వసంతం, వేసవి. సభ్యుడి ప్రకటనలో 'విజయం', 'లొంగుబాటు' రెండు మాటలూ కొట్టేసి, ఆ స్థానంలో తేదీలు రాశారు.